మబ్బు నాడి

2024 నవంబర్ 30 రాత్రి పదిన్నరకీ పదకొండున్నరకీ మధ్య ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 70 నుంచి 80 కిలోమీటర్లు. వాతావరణ శాఖ కొలతల్లో అది ‘అతి తీవ్ర’ తుపాను కాదు, ‘తీవ్ర’ తుపాను కూడా కాదు, ఉత్త తుపాను. తెల్లారేసరికి పట్టణంలో 24 గంటల వాన 46 సెంటీమీటర్లు దాటింది. పుదుచ్చేరిలో ముప్పై ఏళ్లలో ఒక్కరోజులో అంత వాన నమోదు కాలేదు. కృష్ణానగర్ లాంటి కాలనీల్లో ఇళ్లలో చిక్కుకున్నవాళ్లను సైన్యం పడవల మీద బయటికి తెచ్చింది.

అదే ఊరు 2011 డిసెంబర్ 30 ఉదయం ఇంకో తుపానును చూసింది. కడలూరుకూ పుదుచ్చేరికీ నడుమ తీరం దాటిన ‘థానే’ గాలులు పతాక స్థాయిలో గంటకు 140 కిలోమీటర్లు అందుకున్నాయి. వీధుల్లో చెట్లు కూకటివేళ్లతో లేచాయి, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి, పక్కనున్న కడలూరు జిల్లాలో జీడి, పనస తోటలు నేలకు కరుచుకున్నాయి. రెండు ప్రాంతాల్లో కలిపి 40 మందికి పైగా చనిపోయారు. ఈ రెంటికీ మధ్య, 2020 నవంబర్ 25 అర్ధరాత్రి వచ్చిన ‘నివర్’ గంటకు 120 కిలోమీటర్ల వేగంతో ఈ పరిసరాల్లోనే ఒడ్డెక్కింది.

మూడు తుపానులు, ఒకటే తీరం. ఇందులో ఏది బలమైనది? గాలినే లెక్క వేసుకుంటే జవాబు సులువు. గాలి తోపుడు దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 కిలోమీటర్ల గాలి గోడ మీద ఎంత బరువు మోపుతుందో, 140 కిలోమీటర్ల గాలి దానికి మూడింతలు మోపుతుంది. కాబట్టి థానేదే పైచేయి. అయితే తుపాను నడిసముద్రంలో ఉండగా ఆ గాలిని ఎవరు కొలిచారు? అక్కడ పవనమాపకాలు బహు అరుదు, ఓడలు ముందే తప్పుకుంటాయి. బంగాళాఖాతంలో తుపాను గర్భంలోకి విమానాలు పంపి కొలిచే ఏర్పాటు మనకు లేదు. ఉన్నదల్లా పై నుంచి తీసిన బొమ్మ. మబ్బుల బొమ్మను చూసి లోపలి గాలి వేగం చెప్పడం ఎలాగన్నదే ఈ వ్యాసం.

పైనుంచి చూడలేని రోజులు

1761 జనవరి 1న పుదుచ్చేరి ముట్టడిలో ఉంది. కోటలో ఫ్రెంచివాళ్లు, సముద్రం మీద అడ్డం కాసిన ఇంగ్లిషు నౌకాదళం. ఆ రోజు విరుచుకుపడిన గాలివానకు డ్యూక్ డాక్విటైన్, సండర్లాండ్ లాంటి పెద్ద యుద్ధనౌకలు సిబ్బందితో సహా మునిగిపోయాయి. న్యూకాజిల్, క్వీన్‌బరో, ప్రొటెక్టర్ ఒడ్డుకు కొట్టుకొచ్చి ముక్కలయ్యాయి. సుమారు 1,100 మంది నావికులు పోయారు. అయినా ముట్టడి ఆగలేదు, ఆ నెల మధ్యలోనే పుదుచ్చేరి లొంగిపోయింది. ఆ తుపాను థానే కన్నా పెద్దదా, చిన్నదా? చెప్పలేం. దాని గురించి మిగిలింది దెబ్బ తిన్నవాళ్ల సాక్ష్యమే.

‘సైక్లోన్’ అన్న మాటకీ ఈ తీరంతో చుట్టరికం ఉంది. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ ఓడల దినచర్య పుస్తకాలు పోగుచేసి, ఏ ఓడకు ఏ దిక్కు నుంచి గాలి కొట్టిందో మ్యాపు మీద గుర్తులు పెట్టి, తుపాను తిన్నగా వీచే గాలి కాదనీ సుడి తిరుగుతుందనీ తేల్చాడు. చుట్ట చుట్టుకున్న పామును సూచించే గ్రీకు మాట నుంచి ఆయన ఈ పేరు కట్టాడు. 1848లో వచ్చిన పుస్తకం దాన్ని లోకానికి పరిచయం చేసింది. ఆయన పరిశీలించిన తుపానుల్లో 1789 డిసెంబర్‌లో కోరంగిని ముంచినది ఒకటి. కోరంగి పక్కనే యానాం. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని తెలుగు ముక్క అది.

పిడింగ్టన్ ఊహించిన పాముచుట్టను మనిషి కళ్లారా చూడడానికి ఇంకో వందేళ్లు పైగా పట్టింది. 1960 ఏప్రిల్ 1న అమెరికా పంపిన టైరోస్-1 మొదటి వాతావరణ ఉపగ్రహం. పైకెళ్లిన కొద్ది రోజులకే అది న్యూజిలాండ్ వైపు ఒక తుపానును ఫోటో తీసింది.

ఎర్రరంగు గాలి కాదు

తుపాను రోజుల్లో టీవీ తెర మీద సముద్రంలో ఎర్రగా, పసుపుగా తిరిగే ముద్ద కనిపిస్తుంది. ఎర్రగా ఉన్నచోట గాలి భీకరంగా ఉందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ రంగు గాలికీ వానకీ కొలత కాదు. అది మబ్బు పైకప్పు ఎంత చల్లగా ఉందో చెబుతుంది.

మన ఇన్‌శాట్-3డీఆర్, ఇన్‌శాట్-3డీఎస్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో పాటే తిరుగుతూ ఉంటాయి. అందుకే హిందూ మహాసముద్రం వాటి కంటి ముందు నుంచి ఎప్పుడూ కదలదు. వీటిలో రెండోదాన్ని 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ మోసుకెళ్లింది. పగటిపూట మామూలు కెమెరా పనిచేస్తుంది. రాత్రికి వెలుతురు ఉండదు కాబట్టి పరారుణ కిరణాల మీద ఆధారపడాలి. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి ఈ కిరణాలు విడుస్తుంది. వెచ్చని సముద్రం ఎక్కువ, చల్లని మబ్బు తక్కువ. ఉపగ్రహం వాటిని పట్టుకుని ఉష్ణోగ్రతగా మారుస్తుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి కిలోమీటరుకు ఆరేడు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. మబ్బు పైభాగం సున్నాకు 70 డిగ్రీలు కింద ఉందంటే అది సుమారు 15 కిలోమీటర్ల ఎత్తుకు ఎగబాకిందన్నమాట. అంత ఎత్తుకు మబ్బును నెట్టాలంటే కింద సముద్రం నుంచి ఆవిరి జోరుగా లేవాలి, ఆ ఆవిరి నీరుగా మారుతూ వేడిని విడవాలి. కాబట్టి మబ్బు పైకప్పు చలి, కింద మండుతున్న పొయ్యి ఎంత పెద్దదో చెప్పే గుర్తు. బొమ్మలోని రంగులు కంప్యూటరులో మనం వేసుకున్నవే. ఒక ఛానెల్ ఎరుపు వేసినచోట ఇంకో సంస్థ నలుపు వేస్తుంది. రెండు తుపానుల బొమ్మలు పక్కపక్కన పెట్టి పోల్చే ముందు రెండూ ఒకే రంగుల పట్టికలో, ఒకే కొలబద్దతో, ఒకే రకం కిరణాలతో తీసినవేనా అని చూసుకోవాలి. లేకపోతే చిన్నది పెద్దదిగా, పెద్దది చిన్నదిగా కనిపిస్తుంది.

పాఠశాల స్కేలులాంటి పద్ధతి

1970ల మొదట్లో అమెరికా ఉపగ్రహ వాతావరణ విభాగంలో పనిచేస్తున్న వెర్నన్ డ్వొరాక్ వందల కొద్దీ ఫోటోలు ముందేసుకుని కూర్చున్నాడు. ప్రపంచంలో విమానాలు కొలిచిన తుపానులు కొన్ని ఉన్నాయి. వాటి గాలి వేగం తెలుసు, అదే సమయపు ఫోటో కూడా ఉంది. రెంటినీ జతచేసి, ఏ ఆకారానికి ఎంత గాలి అన్న వరస కనిపెట్టాడు. 1975లో ఒక పరిశోధన పత్రంగా, 1984లో పరారుణ బొమ్మల పద్ధతి కూడా చేర్చి పూర్తి నివేదికగా దాన్ని అచ్చు వేశాడు. నేటికీ ప్రపంచంలో తుపాను బలం లెక్కించే అన్ని కేంద్రాల్లోనూ ఆ పద్ధతే ముందు వరసలో ఉంది. మన వాతావరణ శాఖ బులెటిన్లలో కనిపించే ‘టి నంబరు’ అదే. అది 1 నుంచి 8 దాకా, అరకు అర చొప్పున పెరుగుతుంది.

చేత్తో చేసే రోజుల్లో ఈ పని ఎలా ఉండేదో చూద్దాం. బల్ల మీద ఉపగ్రహ ఫోటో. దాని మీద పారదర్శక కాగితం, కాగితం మీద ముందే గీసిన సుడిగీత, నత్తగుల్ల అంచులా బయటికి విచ్చుకుంటూ పోయేది. దాన్ని తిప్పి తిప్పి మబ్బు పట్టీ వంపుకు సరిపోయేలా పెట్టాలి. తర్వాత ఆ పట్టీ కేంద్రం చుట్టూ ఎంతమేర చుట్టిందో పదో వంతుల్లో లెక్కపెట్టాలి. సగం చుట్టు తిరిగితే సుమారు టి 2.5, అప్పుడే దానికి తుపాను అనే పేరు వస్తుంది. ముప్పాతిక చుట్టు టి 3. పూర్తి చుట్టు దాటి ఇంకాస్త తిరిగితే టి 4, అంటే అతి తీవ్ర తుపాను గడప.

బలం ఇంకా పెరిగితే మధ్యలో కన్ను విచ్చుకుంటుంది. అక్కడి నుంచి లెక్క మారుతుంది. కంటి చుట్టూ ఉన్న మబ్బు వలయం ఎంత చల్లగా ఉంది, కంటి లోపల ఎంత వెచ్చగా ఉంది అన్న రెండు ఉష్ణోగ్రతలు కావాలి. వలయమంతా సున్నాకు 70 నుంచి 75 డిగ్రీలు కిందికి పోతే ముందుగా 6 వేసుకుంటారు. కన్ను మబ్బు లేకుండా వెచ్చగా ఉంటే దానికి మరో 1 కలుపుతారు, మొత్తం 7. కన్ను సగం మూసుకుపోయి చల్లగా ఉంటే కలిపేది తగ్గుతుంది, ఒక్కోసారి తీసివేత కూడా ఉంటుంది. ఎందుకంటే కంటి లోపల గాలి పై నుంచి కిందికి దిగుతూ నలిగి వేడెక్కుతుంది. ఆ వెచ్చదనం వల్ల నడిమి గాలి స్తంభం తేలికై పీడనం పడిపోతుంది. పీడనం పడినకొద్దీ చుట్టుపక్కల గాలి ఇంకా ఉరవడిగా లోపలికి పరుగెడుతుంది. వెచ్చని కన్ను, చల్లని వలయం: ఈ రెండింటి మధ్య ఎడం ఎంతో తుపాను శక్తి అంత.

కన్ను లేకుండా మబ్బు ముద్ద ఒక పక్కకు జరిగిపోయి, సుడి కేంద్రం నగ్నంగా కనిపించే తుపానులూ ఉంటాయి. పై గాలులు కింది గాలులతో పొసగక మబ్బులను తోసేస్తే అలా అవుతుంది. అప్పుడు కేంద్రానికీ మబ్బు అంచుకూ మధ్య దూరం కొలుస్తారు. దూరం పెరిగినకొద్దీ నంబరు తగ్గుతుంది.

డ్వొరాక్ ఇంకో నియమం కూడా పెట్టాడు. మామూలుగా తుపాను రోజుకు ఒక టి నంబరు చొప్పున బలపడుతుంది. ఉదయం 3 వేసినవాడు సాయంత్రానికి 5 వెయ్యాలంటే గట్టి కారణం ఉండాలి. తగ్గేటప్పుడు మబ్బులు ముందు చెదురుతాయి, గాలి తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే బొమ్మ బలహీనపడిన వెంటనే గాలి అంకె తగ్గించకుండా సుమారు 12 గంటలు నిలిపి ఉంచుతారు. నాడి చూసే వైద్యుడు ఒక్క దెబ్బకు తీర్పు చెప్పనట్టే.

అంకెల వరస

టి నంబరుకు ఎదురుగా గాలి వేగం పట్టిక ఉంటుంది. టి 2.5 అంటే 35 నాట్లు, గంటకు 65 కిలోమీటర్లు. టి 3.5 కి 102. టి 4 కి 120. సరిగ్గా నివర్ అంకె. టి 4.5 కి సుమారు 143; థానే అక్కడిది. టి 6 కి 213. 2013 అక్టోబర్ 12న ఒడిశా తీరం గోపాలపూర్ దగ్గర దాటిన ఫైలిన్ ఆ తరగతి. టి 7 కి 259. 1999 అక్టోబర్ 29 నాటి ఒడిశా సూపర్ సైక్లోన్ అది, 912 మిల్లీబార్ల దాకా పీడనం పడిపోయిన తుపాను. ఫెంగల్ ఈ నిచ్చెన మీద 3 దాటలేదు.

పట్టికలో చివరి మెట్టు టి 8, గంటకు 315 కిలోమీటర్లు. 2013 నవంబర్ 8న ఫిలిప్పీన్స్‌ను తాకి 6 వేల మందికి పైగా పొట్టన పెట్టుకున్న హయాన్ ఆ మెట్టు మీద నిలబడింది. మరి ప్రపంచంలో అన్నింటికన్నా బలమైన తుపాను అదేనా? ఇక్కడ తొందరపడకూడదు.

1979 అక్టోబర్ 12న పసిఫిక్‌లో ‘టిప్’ లోపలికి విమానం వెళ్లి 870 మిల్లీబార్లు కొలిచింది. సముద్రమట్టం దగ్గర అంత తక్కువ పీడనం ఇంకెక్కడా నమోదు కాలేదు. 2015 అక్టోబర్ 23న మెక్సికో పక్కన ‘పాట్రిషియా’లో విమానాల కొలతలతో తేలింది 872 మిల్లీబార్లు, గంటకు 345 కిలోమీటర్ల గాలి. హయాన్ దగ్గరికి విమానం పోలేదు. పశ్చిమ పసిఫిక్‌లో అమెరికా విమానాల పరిశీలన 1987లోనే ఆగిపోయింది. కాబట్టి హయాన్ అంకె బొమ్మ చూసి వేసిన అంచనా, టిప్‌ది లోపల దింపిన పరికరం చెప్పిన మాట. రెంటినీ ఒకే తక్కెడలో తూయలేం.

ఇంకో మెలిక ఉంది. అదే హయాన్ గాలిని అమెరికా సైనిక కేంద్రం 315 అంది, జపాన్ వాతావరణ సంస్థ 230 అంది. ఎవరి కొలత వారిది. అమెరికా ఒక నిమిషపు సగటు తీసుకుంటుంది, జపాన్ పది నిమిషాల సగటు తీసుకుంటుంది, మన వాతావరణ శాఖది మూడు నిమిషాల సగటు. గాలి ఒక్క క్షణం ఉధృతంగా కొట్టి మరుక్షణం తగ్గుతుంది కాబట్టి సగటు తీసే వ్యవధి పెరిగినకొద్దీ అంకె చిన్నదవుతుంది. ఆ వ్యవధికి తోడు రెండు కేంద్రాలవారూ బొమ్మను చదివిన తీరులోనూ తేడా ఉంటుంది. మన పత్రికల్లో ఒక తుపానుకు ఢిల్లీ అంకె, ఇంకో తుపానుకు అమెరికా అంకె రాసి ‘దానికన్నా ఇది పెద్దది’ అని తేల్చడం మామూలైపోయింది. ఆ పోలిక చెల్లదు.

బొమ్మ దాచేవి

విమానాలు కొలిచిన అట్లాంటిక్ తుపానులతో సరిపోల్చి చూస్తే, డ్వొరాక్ పద్ధతి వేసిన అంచనాల్లో సగం అసలు గాలికి 5 నాట్ల తేడాలోపే ఉన్నాయి. ఫోటో చూసి చెప్పిన మాటకు ఇది గొప్ప గురి. మిగతా సగంలో తప్పు ఇంకా పెద్దది, కొన్నిసార్లు ఒక తరగతి పైకో కిందికో పోయేంత.

కారణాలు కొన్ని బొమ్మలోనే ఉన్నాయి. ఇన్‌శాట్ పరారుణ బొమ్మలో ఒక చుక్క 4 కిలోమీటర్ల వెడల్పు. కన్ను 10 కిలోమీటర్లే ఉంటే అందులో అడ్డంగా రెండు మూడు చుక్కలే పడతాయి. వాటిలో అంచు మబ్బుల చలి కలిసిపోయి కన్ను ఉన్నదానికన్నా చల్లగా కనిపిస్తుంది. తుపాను అసలు బలం ఆ మేరకు దాగిపోతుంది. మరోపక్క పైన పరుచుకున్న పల్చని మంచు మబ్బుల దుప్పటి లోపలి సుడిని కప్పేస్తుంది. దాన్ని దాటి చూడడానికి మైక్రోవేవ్ కిరణాలు కావాలి. అవి దుప్పటి కింద కన్ను ఏర్పడుతోందా, వాన వలయం మూసుకుందా అన్నది చూపిస్తాయి. సముద్రం మీద చిరు అలల గరుకుదనాన్ని బట్టి గాలిని అంచనా కట్టే స్కాటరోమీటర్ ఇంకో సాధనం. శ్రీహరికోట నుంచే 2022 నవంబర్ 26న వెళ్లిన ఓషన్‌శాట్-3లో ఒకటుంది. తుపాను తీరానికి దగ్గరపడ్డాక కారైకాల్, చెన్నైల డాప్లర్ రాడార్లు పని అందుకుంటాయి. కారైకాల్ కూడా పుదుచ్చేరి ప్రాంతంలోదే.

ఇప్పుడు పారదర్శక కాగితం పని చాలావరకు కంప్యూటరుకు పోయింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన స్వయంచాలక పద్ధతి గంటల తరబడి అలసిపోకుండా కంటి ఉష్ణోగ్రత, వలయం ఉష్ణోగ్రత లెక్కవేస్తూ ఉంటుంది. అయినా బులెటిన్ రాసే ముందు ఆఖరి మాట మనిషిదే.

అంకె చెప్పనివి

మళ్లీ పుదుచ్చేరికి వద్దాం. 4.5 అందుకున్న థానే చెట్లనూ స్తంభాలనూ పడగొట్టి లోతట్టుకు వెళ్లిపోయింది. 3 కూడా దాటని ఫెంగల్ తీరం దాటాక ముందుకు కదలలేదు. మర్నాడు చాలాసేపు ఊరి మీదే చతికిలబడింది. సముద్రం నుంచి తేమ లాగుతూ ఒకేచోట కురిసింది. విల్లుపురం జిల్లా మైలంలో 50 సెంటీమీటర్ల వాన పడింది. ఆ జిల్లా నీట మునిగింది, తిరువణ్ణామలైలో కొండచరియ విరిగి ఒకే చోట ఏడుగురు చనిపోయారు. టి నంబరు తుపాను తనలో తాను ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంది. తుపాను తాను ఎంత వేగంగా నడుస్తోందో చెప్పదు. బొంగరం తిరిగే జోరు వేరు, అది నేల మీద జరిగే వేగం వేరు.

ఉప్పెన సంగతీ అంతే. అది గాలి ఒక్కదాని మీదే ఆధారపడదు. తీరం దగ్గర సముద్రగర్భం ఎంత మెల్లగా లోతెక్కుతుంది, తుపాను ఏ కోణంలో తాకింది, అప్పుడు పోటా పాటా అన్నవన్నీ కలుస్తాయి. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన తుపానుకూ, 1990 మే 9న కృష్ణా తీరాన్ని తాకిన తుపానుకూ బలంలో పెద్ద తేడా లేదు. మొదటిదాంట్లో పదివేల మందికి పైగా పోయారన్నది అంచనా. రెండోదాంట్లో ఆ సంఖ్య వెయ్యిలోపు. 1977లో ఉపగ్రహ ఫోటోలు రోజుకు కొన్నిసార్లే వచ్చేవి. 1990 నాటికి ఇన్‌శాట్-1బీ బంగాళాఖాతం మీద నిఘా పెట్టింది, లక్షల మందిని ముందే తీరం నుంచి తరలించారు. టి నంబరు దాదాపు అదే. మారిందల్లా ఆ నంబరు ఎంత ముందుగా తెలిసింది, తెలిశాక ఏం చేశాం అన్నవే.

కాబట్టి ఈసారి నవంబర్‌లో వాయుగుండం అన్న మాట వినిపించినప్పుడు టీవీలోని ఎర్రముద్దను చూసి భయపడొద్దు, ‘ఉత్త తుపానే’ అని తేలిగ్గానూ తీసుకోవద్దు. వాతావరణ శాఖ బులెటిన్‌లో గాలి వేగం పక్కనే మరో మూడు సంగతులుంటాయి: తుపాను గంటకు ఎన్ని కిలోమీటర్లు కదులుతోంది, ఎంత వాన పడుతుంది, ఉప్పెన ఎన్ని మీటర్లు. పుదుచ్చేరిలో ఉన్నా యానాంలో ఉన్నా, మచిలీపట్నంలో ఉన్నా, ఆ మూడూ చదివాకే ఇంట్లో ఉండాలో, గడప దాటాలో నిర్ణయించుకోండి.